ఇటాలియన్‌లో ‘ఫొస్సి, అవెస్సి’: లేనిదాన్ని చెప్పే క్రియ నేర్చుకోవడం ఎలా

నేను ఇటలీలోని పాదొవ నగరంలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు టేబుల్ దగ్గర పనిచేస్తాను. ఫోన్లు ఎత్తడం, అపాయింట్‌మెంట్లు రాయడం, మార్చడం నా పని. చేరిన రెండో వారంలో డాక్టరమ్మ గది తలుపు తీసి, ‘వొర్రెయి కె లెయి క్యమస్సె ల సిన్యోర ప్రీమ దెల్లె క్వత్త్రొ’ అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మాటలన్నీ విడివిడిగా నాకు తెలిసినవే. ‘క్యమస్సె’ దగ్గర మాత్రం ఆగాను. పుస్తకంలో దాన్ని ‘ఇంపెర్‌ఫెత్తొ’ అనే శీర్షిక కింద చూసిన గుర్తు. ఇంపెర్‌ఫెత్తొ అంటే జరిగిపోయిన కాలం కదా, నాలుగింటిలోపు ఎవరో ఫోన్ చేశారని చెబుతోంది కాబోలు అనుకుని తలూపాను.

నాలుగున్నరకు డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ట్రామ్ దిగి, చలిలో వణుకుతూ లోపలికి వచ్చారు. ఆవిడ అపాయింట్‌మెంట్ రద్దయింది. ఆ సంగతి ఆవిడకు నాలుగింటిలోపు ఫోన్ చేసి చెప్పమనే డాక్టరమ్మ నన్ను అడిగింది. ‘మీరు ఆవిడకు ఫోన్ చేయాలని నా కోరిక’ అని ఆ వాక్యానికి అర్థం. అందులో జరిగిపోయింది ఏదీ లేదు. జరగాల్సిందే ఉంది.

ఆ పెద్దావిడ నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోకుండా ఈ ఒక్క క్రియారూపం పట్టుకుని కూర్చున్నాను. దాని పూర్తి పేరు కొంజుంతీవొ ఇంపెర్‌ఫెత్తొ. కొంజుంతీవొ అంటే కోరికను, అనుమానాన్ని, ఊహను చెప్పే క్రియారూపాల కుటుంబం. ఇప్పుడు ఆదివారాలు వీడియోలో ముగ్గురు తెలుగు పిల్లలకు ఇటాలియన్ చెబుతున్నాను. వాళ్ళకు చెప్పే తీరులోనే ఇక్కడ రాస్తున్నాను. పలుకుబడిని వీలైనంత దగ్గరగా తెలుగులో పెట్టాను. ఇటాలియన్‌లో త, ద లు మన త, ద లే. ఒత్తులు కూడా మనలాగే గట్టిగా పలుకుతారు.

పేరును నమ్మవద్దు

ముందుగా చేయాల్సిన పని, పేరులో ఉన్న ‘ఇంపెర్‌ఫెత్తొ’ అనే మాటను చూసి భూతకాలం అనుకోవడం మానేయడం. ఈ రూపం ప్రధానంగా కాలాన్ని చెప్పదు, దూరాన్ని చెబుతుంది. ఉన్నదాని నుంచి ఒక అడుగు వెనక్కి జరిగి, లేనిదాన్నో, అనుకున్నదాన్నో, కోరుకున్నదాన్నో చూపిస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. ‘అప్పట్లో రోజూ నడిచి వెళ్ళేదాన్ని’ అంటాం, అది జరిగిన సంగతి. ‘టైం ఉంటే నడిచి వెళ్ళేదాన్ని’ అంటాం, అది జరగనే లేదు. ‘వెళ్ళేదాన్ని’ అనే మాట ఒక్కటే. గతంలోని అలవాటును చెప్పే రూపాన్నే, జరగని విషయం చెప్పడానికీ మనం వాడుకుంటున్నాం. ఇటాలియన్ వాళ్ళు చేసిందీ అలాంటిదే. ఈ రూపం పుట్టింది కూడా లాటిన్‌లో గతానికి ముందరి గతాన్ని చెప్పే ఒక రూపం నుంచి. లాటిన్‌లో ‘అమావిస్సెమ్’ అన్నది నలిగి నలిగి ఇటాలియన్‌లో ‘అమస్సి’ అయింది. ఆ లాటిన్ మాటకున్న కాలం చాలావరకు రాలిపోయి, దూరం మిగిలింది.

తేడా ఎక్కడుందంటే, మనం ఆ గుర్తును వాక్యం చివర పెడతాం. ‘టైం ఉంటే వస్తాను’, ‘టైం ఉంటే వచ్చేదాన్ని’. రెండింట్లోనూ మొదటి సగం ఒక్కటే. చివరి క్రియ వినేదాకా టైం ఉందో లేదో తెలియదు. ఇటాలియన్‌లో అలా కుదరదు. టైం ఉందో లేదో మొదటి సగంలోనే తేల్చి చెప్పాలి. ‘సె ఒ తెంపొ, వెంగొ’ అంటే ఉంటే వస్తాను, ఉండొచ్చు కూడా. ‘సె అవెస్సి తెంపొ, వెర్రెయి’ అంటే ఉంటే వచ్చేదాన్ని, కానీ లేదు. తెలుగువాళ్ళం తడబడేది ఇక్కడే. నోరు తెరిచేటప్పటికే ‘ఇది లేనిదా, ఉన్నదా’ అని మనసులో తేల్చుకునే అలవాటు చేసుకోవాలి. నేను ఈ పాఠమంతా ఆ ఒక్క అలవాటు చుట్టూనే చెబుతాను.

రూపం కట్టడం

ఇది తేలిక. ఇటాలియన్ క్రియల్లో ఇంత పద్ధతిగా ఉండే రూపాలు తక్కువ. మీకు మామూలు ఇంపెర్‌ఫెత్తొ, అంటే ‘మాట్లాడేదాన్ని’ అని చెప్పే ‘పర్లావొ’ వచ్చి ఉంటే చాలు. చివరి ‘వొ’ తీసేసి ‘స్సి’ పెట్టండి. పర్లావొ నుంచి పర్లస్సి. ప్రెందేవొ నుంచి ప్రెందెస్సి. దొర్మీవొ నుంచి దొర్మిస్సి.

ఆరు రూపాలూ ఇలా ఉంటాయి. వరసగా నేను, నువ్వు, అతను లేదా ఆమె, మేము, మీరు, వాళ్ళు. ఒక్కరినే మర్యాదగా ‘మీరు’ అనడానికి కూడా లెయి రూపమే:

ఇయొ పర్లస్సి
తు పర్లస్సి
లూయి, లెయి పర్లస్సె
నొయి పర్లస్సిమొ
వొయి పర్లస్తె
లోరొ పర్లస్సెరొ

చాలా పుస్తకాలు ఈ క్రియను ‘పర్లారె’ అనే మూలరూపం నుంచి కట్టమంటాయి. ఆ దారిలో వెళితే ఫారె (చేయడం), దీరె (చెప్పడం), బేరె (తాగడం), త్రదుర్రె (అనువదించడం) లాంటివన్నీ విడిగా బట్టీ పట్టాలి. నేను చెప్పిన దారిలో అవేవీ మినహాయింపులు కావు. ఫచేవొ నుంచి ఫచెస్సి, దిచేవొ నుంచి దిచెస్సి, బెవేవొ నుంచి బెవెస్సి, త్రదుచేవొ నుంచి త్రదుచెస్సి, ప్రొపొనేవొ నుంచి ప్రొపొనెస్సి. అన్నీ వాటంతట అవే వస్తాయి. ఈ సంగతి తెలిసిన రోజు నా నోట్‌బుక్‌లో రాసుకున్న మినహాయింపుల పేజీ మొత్తం కొట్టేశాను.

నిజంగా దారి తప్పేవి మూడే. ఎస్సెరె (ఉండటం) నుంచి ఫొస్సి, దారె (ఇవ్వడం) నుంచి దెస్సి, స్తారె (ఒక స్థితిలో ఉండటం) నుంచి స్తెస్సి. దావొ, స్తావొ చూసి ‘దస్సి, స్తస్సి’ అనబుద్ధి వేస్తుంది. అది తప్పు. ఇటాలియన్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళూ కొందరు ఈ తప్పు చేస్తారు, పక్కవాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. కాబట్టి ఈ మూడూ గోడ మీద రాసి పెట్టుకోండి: ఫొస్సి, దెస్సి, స్తెస్సి.

ఇయొకి, తుకి రూపం ఒక్కటే అని గమనించారు కదా. మామూలుగా ఇటాలియన్‌లో సర్వనామం వదిలేస్తాం. ఇక్కడ మాత్రం ఎవరి సంగతో తేలకపోతే వదలకండి. ‘పెన్సావ కె ఫొస్సి స్తంక’ అంటే అలసిపోయింది నేనని అనుకుందో, నువ్వని అనుకుందో తెలియదు. ‘కె ఇయొ ఫొస్సి స్తంక’ అంటే నేనే. వొయి రూపం ‘పర్లస్తె’ కథల్లో వాడే పాత భూతకాల రూపంతో కలిసిపోతుంది. అది సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, పెద్ద చిక్కేమీ కాదు.

పలకడంలో రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, ద్విత్వం. ‘అవెస్సె’లో స్స గట్టిగా పడాలి. మనకు ‘అస్సలు’, ‘ఉస్సురు’ లాంటి మాటలు అలవాటే కాబట్టి ఇది మనకు వరం. ఇంగ్లీషు మీదుగా ఇటాలియన్ నేర్చుకుంటే ఆ వరం పోగొట్టుకుని ‘అవెసె’ అనేస్తాం, అందుకే నేను పిల్లల్ని తెలుగులోనే రాసుకోమంటాను. రెండోది, ఊనిక. ‘పర్లస్సిమొ’లో ఊనిక ‘లస్’ మీద పడాలి. ‘పర్లస్సీమొ’ అని సాగదీయకూడదు. ‘బెల్లిస్సిమొ’ అనే మాట అందరికీ తెలుసు. ‘దొర్మిస్సిమొ’ని సరిగ్గా అదే రాగంలో అనండి, సరిపోతుంది. ‘పర్లస్సెరొ’ కూడా అంతే.

‘సె’ తరవాత

ఎక్కువమంది ఈ రూపాన్ని మొదట కలుసుకునేది ఇక్కడే. మన వ్యాకరణంలో చేదర్థకం అంటామే, ‘వస్తే, ఉంటే, చేస్తే’, ఆ స్థానంలో ‘సె’ వస్తుంది. లేనిదాన్ని ఊహించి చెబుతుంటే ‘సె’ పక్కన స్సి రూపం, రెండో సగంలో ‘రెయి’తో ముగిసే కొందిత్సియొనాలె రూపం, అంటే మన ‘వచ్చేదాన్ని’ లాంటిది.

‘సె ఫొస్సి ఇన్ తె, నొన్ ఫిర్మెరెయి.’ నీ స్థానంలో నేనుంటే సంతకం పెట్టను. ఇది మన తెలుగులో ‘పెట్టను’ అనే మామూలు క్రియతోనే ముగిసింది చూడండి. ఇటాలియన్‌లో అది కుదరదు. నీ స్థానంలో నేను ఎప్పటికీ ఉండలేను కాబట్టి ఫొస్సి తప్పదు.

అందరూ చేసే తప్పు ‘సె అవ్రెయి తెంపొ’. రెండు సగాల్లోనూ రెయి పెట్టేయడం. నేనూ చాలాకాలం చేశాను. క్లినిక్‌లో నాతో పనిచేసే సిసిలీ అమ్మాయి నాకు దీనికి ఒక గుర్తు చెప్పింది: ‘సె’ పక్కన ‘స్స’. స కి స జత, రెయి అవతలి గదిలో ఉంటుంది. ఇప్పటికీ తొందరలో నోరు జారబోతే ఆ మాటే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి ఇంకో సంగతి కూడా చెప్పింది. వాళ్ళ సిసిలియన్ మాటలో రెండు సగాల్లోనూ స్సి రూపమే పెడతారట. ‘సి పుతిస్సి, ఉ ఫచిస్సి’, వీలైతే చేసేదాన్ని. వాళ్ళ అమ్మమ్మ మాట్లాడేది అదే. అది తప్పు ఇటాలియన్ కాదు, వేరే భాష. బడిలో నేర్పే ఇటాలియన్‌లో మాత్రం ఒక సగం స్సి, ఒక సగం రెయి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ‘సె తరవాత రెయి ఎప్పుడూ రాదు’ అని చాలామంది నేర్పుతారు. అది సగం నిజం. ఇటాలియన్‌లో ‘సె’లు రెండున్నాయి. ఒకటి మన ‘తే’, రెండోది మన ‘ఓ లేదో’. ‘నొన్ సొ సె వెర్రెబ్బె’ అంటే పిలిస్తే వస్తాడో లేదో తెలియదు. ఇది తప్పులేని వాక్యం, ఇక్కడ సె తరవాత రెయి కుటుంబపు రూపమే ఉంది. ఇటాలియన్ వాళ్ళకు రెండు సెలూ ఒకే మాట కాబట్టి వాళ్ళకిది వివరించి చెప్పాలి. మనకు అక్కర్లేదు. మనసులో తెలుగు వాక్యం అనుకోండి. ‘తే’ వస్తే నియమం వర్తిస్తుంది, ‘ఓ లేదో’ వస్తే వర్తించదు. తెలుగు ఇంత సాయం చేసే చోటు ఇంకొకటి నాకు కనిపించలేదు.

జరిగిపోయినదాని గురించి విచారిస్తుంటే ఇంకో అడుగు వెనక్కి వేయాలి. ‘సె అవెస్సి అవూతొ తెంపొ, సరెయి వెనూత.’ నిన్న టైం ఉండి ఉంటే వచ్చి ఉండేదాన్ని. ఇది త్రపస్సాతొ అనే రూపం. అవెస్సి, ఫొస్సి మీకు వచ్చు కాబట్టి ఇది సగం వచ్చినట్టే. ఇంట్లో, స్నేహితుల మధ్య దీనికి బదులు ‘సె లొ సపేవొ, వెనీవొ’ అని రెండు మామూలు ఇంపెర్‌ఫెత్తొలతో కానిచ్చేస్తారు. విని అర్థం చేసుకోండి. పరీక్షలో రాయకండి.

ఒక చిన్న వాడుక చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే ఇది రోజూ పనికొస్తుంది. ‘ఎ సె అందస్సిమొ అ ప్యేది?’ నడిచి వెళ్తే ఎలా ఉంటుంది? సలహాను మెత్తగా ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి వాక్యం లేదు. రెండో సగం చెప్పనే అక్కర్లేదు.

అనుకున్నాను, కోరుకున్నాను

రెండో పెద్ద స్థానం ‘కె’ తరవాత. ఇది మన ‘అని’.

తెలుగులో ‘అని’ ఒక గొప్ప సౌకర్యం. దాని ముందు ఏ వాక్యమైనా ఉన్నది ఉన్నట్టు పెట్టేయవచ్చు. ‘మూసేసి ఉందని తెలుసు’, ‘మూసేసి ఉందని అనుకున్నాను’. ఉంది అన్న మాట మారలేదు. ఇటాలియన్‌లో మారుతుంది. ‘సపేవొ కె ఏర క్యూసొ’, తెలుసు, కాబట్టి అది నిజం, మామూలు క్రియ. ‘పెన్సావొ కె ఫొస్సె క్యూసొ’, అనుకున్నాను, అది నా తలలో ఉన్న సంగతి, అందుకే ఫొస్సె. తెలుసుకోవడం, చూడటం, చెప్పడం లాంటివి మామూలు క్రియను అడుగుతాయి. అనుకోవడం, ఆశపడటం, భయపడటం, అనుమానించడం, అనిపించడం, కోరుకోవడం లాంటివి కొంజుంతీవొని అడుగుతాయి.

ముందున్న క్రియ వర్తమానంలో ఉంటే కొంజుంతీవొ వర్తమానం వస్తుంది: ‘పెన్సొ కె సీయ క్యూసొ’. ముందున్న క్రియ గతంలో ఉంటే మన స్సి రూపం: ‘పెన్సావొ కె ఫొస్సె క్యూసొ’. కాలం పాత్ర కొంచెం కనబడేది ఇక్కడే. అయినా కాలం చెప్పే భారం ‘పెన్సావొ’ మీదే ఉంది, ఫొస్సె దాన్ని అనుసరిస్తుంది.

ఒక మినహాయింపు ఉంది, నన్ను ఆ రోజు ముంచింది అదే. ‘వొర్రెయి’, అంటే కావాలనుంది, వర్తమానంలో కోరికే. అయినా దాని తరవాత స్సి రూపమే రావాలి. ‘వొర్రెయి కె లెయి క్యమస్సె.’ కారణం తెలిస్తే మర్చిపోరు. ‘వొల్యొ’ అంటే నాకు కావాలి, అంతే, చేయండి. ‘వొర్రెయి’ అంటూ మాట్లాడేవాళ్ళు మర్యాద కోసం ఒక అడుగు వెనక్కి వేశారు. వాళ్ళు వెనక్కి వేస్తే తరవాతి క్రియ కూడా వెనక్కి వేయాలి. ‘మి పియచెరెబ్బె కె’, ‘సరెబ్బె మెల్యొ కె’ అన్నవాటి తరవాత కూడా అంతే.

దీనికి తలకిందులుగా ఉండే సందర్భమూ ఒకటుంది. ‘క్రేదొ కె అల్లోర అబితస్సె అ తొరీనొ.’ అప్పట్లో తొరీనొలో ఉండేవాడనుకుంటాను. అనుకోవడం ఇప్పుడు, ఉండటం అప్పుడు. మన ‘ఉండేవాడు’ వచ్చే చోట ఇది సరిపోతుంది.

ఇక తెలుగువాళ్ళం ప్రత్యేకంగా చేసే తప్పు. ‘నువ్వు రావాలనుకున్నాను’, ‘నేను రావాలనుకున్నాను’. మనకు రెండూ ఒకే అచ్చు. అందుకని ‘వొలేవొ కె తు వెనిస్సి’ నేర్చుకోగానే ‘వొలేవొ కె ఇయొ వెనిస్సి’ అనేస్తాం. అది ఇటాలియన్ చెవికి చాలా వింతగా ఉంటుంది. కోరేవాళ్ళు, చేసేవాళ్ళు ఒక్కరే అయితే కె అక్కర్లేదు, కొంజుంతీవొ అక్కర్లేదు, మూలరూపం చాలు. ‘వొలేవొ వెనీరె.’ ‘పెన్సావొ ది వెనీరె.’ నా దగ్గర నేర్చుకునే ముగ్గురూ ఈ తప్పు చేశారు. మనుషులు మారితేనే ‘కె’ అని నేను వాళ్ళతో పదేపదే అనిపిస్తాను.

ఇటాలియన్ వాళ్ళు మాటల్లో ‘పెన్సావొ కె ఏర’ అనడం మీరు వింటారు. ఇలాంటివి విని కొంజుంతీవొ చచ్చిపోతోందని పత్రికల్లో అప్పుడప్పుడూ రాస్తుంటారు. ఫ్లోరెన్స్‌లో 1583లో మొదలైన భాషా సంస్థ అకదేమియ దెల్ల క్రూస్క ఇప్పటికీ జనం భాష గురించి అడిగే సందేహాలకు జవాబులిస్తుంది. కొంజుంతీవొ గురించి కూడా అక్కడ అడుగుతుంటారు. చచ్చిపోతోందన్న మాట నాకు నమ్మబుద్ధి కాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఫోన్‌లో అది నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఫోన్‌లో వినబడేది

కొత్త దేశంలో ఫోన్ ఎత్తాలంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ భాగం మీద నాకు ప్రేమ. పేషెంట్లు ఎక్కువగా మొదలుపెట్టే వాక్యం ఇది: ‘వొలేవొ సపేరె సె ఫొస్సె పొస్సీబిలె స్పొస్తారె లప్పుంతమెంతొ.’ అపాయింట్‌మెంట్ మార్చడానికి వీలవుతుందేమో తెలుసుకుందామని. వొలేవొ, ఫొస్సె, రెండూ వెనక్కి వేసిన అడుగులే. అడుగుతున్నది మాత్రం ఇప్పుడు, ఈ నిమిషంలో. ఇది ‘ఓ లేదో’ సె కాబట్టి ‘సె ఏర పొస్సీబిలె’ అన్నా నడుస్తుంది. ఫొస్సె అంటే మరింత మర్యాద.

నేను మార్చమని అడగాల్సి వస్తే ఇలా అంటాను: ‘లె దిస్పియచెరెబ్బె సె స్పొస్తస్సిమొ లప్పుంతమెంతొ అ జొవెదీ?’ గురువారానికి మారిస్తే మీకేమైనా ఇబ్బందా? ఈ ఒక్క వాక్యం పూర్తిగా కంఠతా పట్టి, గురువారం స్థానంలో మీకు కావలసిన రోజు పెట్టుకోండి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళతో, ఆఫీసులో, బడిలో టీచర్లతో, ఎక్కడైనా పనికొస్తుంది.

దక్షిణాది నుంచి వచ్చిన పేషెంట్లు కొందరు ‘మి దీక’ అనడానికి బదులు ‘మి దిచెస్సె’ అంటారు, చెప్పండి అని అర్థం. మర్యాద కోసం వాళ్ళు స్సి రూపాన్ని ఆజ్ఞకు కూడా వాడతారు. పుస్తకాల్లో అది ప్రామాణికం కాదు. వింటే మాత్రం ఎంతో గౌరవంగా ఉంటుంది.

బాగుండు, అన్నట్టు, ఏమో

కొన్ని చోట్ల తెలుగు మాటే మీకు దారి చూపిస్తుంది.

‘వస్తే బాగుండు’ అనిపిస్తే ‘మగారి వెనిస్సె!’ అనండి. అదే ‘వచ్చి ఉంటే బాగుండేది’ అయితే ‘మగారి ఫొస్సె వెనూతొ!’ మగారి అనే మాట గ్రీకు నుంచి వచ్చింది, అక్కడ ‘ధన్యుడా’ అని అర్థం. అందుకే ‘లాటరీ తగిలిందట గదా’ అని అడిగితే ‘మగారి!’ అని ఒక్క మాటతో జవాబిస్తారు, అంత అదృష్టమా అని. జాగ్రత్త, మామూలు క్రియతో వస్తే మగారి అర్థం మారిపోయి ‘బహుశా’ అవుతుంది. ‘మగారి వ్యేనె దొమాని’ అంటే రేపు వస్తాడేమో.

‘అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు’లోని ఆ ‘అట్టు’కు ‘కోమె సె’. ‘పర్ల కోమె సె సపెస్సె తుత్తొ.’ ముందు క్రియ ఏ కాలంలో ఉన్నా సరే, కోమె సె తరవాత మామూలు వర్తమానం పెట్టకండి, స్సి రూపమే.

‘జబ్బు చేసిందేమో?’ అని గతాన్ని తలుచుకుని మనలో మనం అనుకునేదానికి ‘కె ఫొస్సె మలాతొ?’ అంటారు. ‘ఎంత నడిచానో నీకు తెలిస్తే కదా!’ అనడానికి ‘సపెస్సి క్వంతొ ఒ కమ్మినాతొ!’ ఇది నాకు చాలా ఇష్టమైన వాడుక. ఒక్క క్రియతో అవతలివాళ్ళను దగ్గరికి లాగుతుంది.

‘సెంత్స కె’ అంటే ‘కుండా’, ‘ప్రీమ కె’ అంటే ‘ముందే’. ‘ఎ ఉషీతొ సెంత్స కె నెస్సూనొ లొ వెదెస్సె’, ఎవరూ చూడకుండా బయటికి వెళ్ళాడు. ‘ప్రీమ కె ఇల్ దొత్తోరె అర్రివస్సె’, డాక్టరు రాకముందే. ఇవి వాక్యంగా నేర్చుకోవడమే మేలు.

‘వానపడినా’ లాంటి అప్యర్థకం దగ్గర మాత్రం ఆగి చూడాలి. వాన నిజంగా పడింది, అయినా వెళ్ళాం. దీనికి రెండు దారులున్నాయి: ‘బెన్‌కె ప్యొవెస్సె, స్యామొ ఉషీతి’ లేదా ‘అంకె సె ప్యొవేవ, స్యామొ ఉషీతి’. బెన్‌కె కొంజుంతీవొని అడుగుతుంది, అంకె సె అడగదు, అర్థం ఒక్కటే. కానీ వాన ఇంకా పడలేదు, ఒకవేళ పడినా వెళ్తాను అనాలంటే ‘అంకె సె ప్యొవెస్సె, ఉషిరెయి’. అంకె సె తరవాత స్సి వచ్చిందంటే అది ఊహ, మామూలు క్రియ వచ్చిందంటే జరిగిన సంగతి.

ఇల్లు వెతుక్కునే రోజుల్లో నేర్చుకున్నది ఒకటి. ‘చెర్కావొ ఊన కాసా కె అవెస్సె ఉన్ బల్కోనె’, బాల్కనీ ఉన్న ఇల్లు వెతికాను. ఆ ఇల్లు అప్పటికి నా ఊహలోనే ఉంది కాబట్టి అవెస్సె. దొరికాక ‘ఒ త్రొవాతొ ఊన కాసా కె అవేవ ఉన్ బల్కోనె’. ఇల్లు దొరికింది, బాల్కనీ కళ్ళ ముందుంది, క్రియ కూడా మామూలుదైపోయింది. పిల్లలకు ఈ రూపం ఎందుకో అర్థం కానప్పుడు నేను ఈ రెండు వాక్యాలే పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

సాధన ఎలా

నేను చేసింది చెబుతాను. ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ రాత్రి మూడు వాక్యాలు రాశాను. ఒకటి ఆ రోజు లేనిదాని గురించి, సె తో. ఒకటి ఆ రోజు నేను పొరపాటుగా అనుకున్నదాని గురించి, ‘పెన్సావొ కె’ తో. ఒకటి ఎవరినుంచో కోరుకున్నదాని గురించి, ‘వొర్రెయి కె’ తో. మూడూ నిజంగా నా జీవితంలోవే అయి ఉండాలి. పుస్తకంలో ‘నేను రాజునైతే’ లాంటి వాక్యాలు రాస్తే రూపం గుర్తుంటుందేమో గానీ అవసరానికి నోట్లోంచి రాదు. రాసిన ప్రతి వాక్యం రెండుసార్లు గట్టిగా చదివాను, స్స మీద ఆగుతూ. దాదాపు నెలన్నరకు, డాక్టరమ్మతో మాట్లాడుతుంటే ‘పెన్సావొ కె ఫొస్సె మర్తెదీ’ అని ఆలోచించకుండానే వచ్చేసింది, ఇవాళ మంగళవారం అనుకున్నానని. ఆవిడకు అందులో విశేషమేమీ కనబడలేదు. నాకు మాత్రం ఆ రోజంతా సంతోషంగా ఉంది.

పౌరసత్వానికి అర్జీ పెట్టేవాళ్ళకు 2018లో వచ్చిన చట్టంతో బి-1 స్థాయి, అంటే మధ్యస్థ స్థాయి ఇటాలియన్ తప్పనిసరి అయింది. పెరూజియా, సియేనా నగరాల్లోని విదేశీయుల విశ్వవిద్యాలయాల పరీక్షల కోసం చదివేవాళ్ళు నాకు తెలిసి చాలామంది. వాళ్ళకు నా సలహా ఒక్కటే. నియమాల పట్టిక పక్కన పెట్టి, ముందు ఫొస్సె, అవెస్సె, పొతెస్సె (‘చేయగలగడం’ అనే క్రియ నుంచి), ఈ మూడింటిని వాడుకలోకి తెచ్చుకోండి. మిగతావి వాటి వెనకాలే వస్తాయి.

చివరగా ఈ నాలుగూ ఇటాలియన్‌లోకి మార్చి చూడండి. జవాబులు కిందే ఉన్నాయి, చేయి అడ్డం పెట్టుకోండి.

వాళ్ళు నిద్రపోతున్నారనుకున్నాను.
నువ్వు నాకు నిజం చెప్పాలని కోరుకున్నాను.
వాడు ఇక్కడుంటే బాగుండు.
నాకు కారుంటే నీకు ఇచ్చేదాన్ని.

మొదటిది ‘పెన్సావొ కె దొర్మిస్సెరొ’. ‘పెన్సావొ కె స్తెస్సెరొ దొర్మెందొ’ అన్నా సరే, అప్పుడు మినహాయింపు స్తెస్సి కూడా సాధన అవుతుంది. రెండోది ‘వొలేవొ కె తు మి దిచెస్సి ల వెరితా’, ఇక్కడ తు వదలకూడదు. మూడోది ‘మగారి ఫొస్సె క్వి’ లేదా ‘వొర్రెయి కె ఫొస్సె క్వి’. నాలుగోదానికి రెండు జవాబులున్నాయి. ఇప్పటి సంగతైతే ‘సె అవెస్సి ల మక్కిన, తె ల దరెయి’. నిన్నటి సంగతైతే ‘సె అవెస్సి అవూతొ ల మక్కిన, తె లవ్రెయి దాత’. తెలుగులో ‘ఇచ్చేదాన్ని’ రెండింటికీ సరిపోతుంది, అవతలివాళ్ళు సందర్భం చూసి అర్థం చేసుకుంటారు. ఇటాలియన్‌లో రాసేముందు, కారు అడిగింది ఇవాళా నిన్ననా అని మిమ్మల్ని మీరు అడగండి.